ఉప్పూ చక్కెరా కలిసి ఎత్తే తూము

రండర్రా, అలా గోడవారగా జరిగి కూర్చోండి, వెనకాల వచ్చేవాళ్ళకీ చోటుండాలి. మామిడిపండు రసం కారుతున్న చేతులతో నా పంచె మాత్రం పట్టుకోకండి.

కాలవలకి నీళ్ళు వదిలేశారు. వేసవంతా కట్టేసిన కాలవల్లో పోగుపడ్డ చెత్తాచెదారం మోసుకుంటూ ఎర్రటి కొత్తనీరు మన చెరువులోకీ వచ్చేసింది. ఇక ఈ రోజుల్లో ఏ వీధిలో చూసినా ఎవరో ఒకరు పొట్ట పట్టుకుని కూర్చునే ఉంటారు. నిన్న మన చిన్నోడికీ అదే పట్టుకుంది. వాళ్ళమ్మ గ్లాసు నిండా ఓఆర్‌ఎస్ నీళ్ళు తెచ్చి తాగమంటే వాడు ఏడుపు ముఖం పెట్టి, "తాగింది తాగినట్టు కిందికి పోతుంటే మళ్ళీ నీళ్ళెందుకే అమ్మా?" అన్నాడు.

నవ్వకండి. చాలా పెద్ద ప్రశ్న అది. దానికి సరైన జవాబు దొరకడానికి మహామహా డాక్టర్లకే నూట ముప్ఫై ఏళ్ళు పైన పట్టింది. తీరా దొరికాక చూస్తే, కావలసిన సరుకంతా మీ అమ్మమ్మ పోపులపెట్టె పక్కనే ఉంది.

ముందు మన పొట్టలో రోజూ జరిగే నీళ్ళ వ్యవహారం చెబుతాను. రోజుకి మనం తాగేదీ, పప్పులో పులుసులో మజ్జిగలో కలిసి లోపలికి పోయేదీ అంతా కలిపితే రెండు లీటర్లు అనుకోండి. కానీ పేగుల్లోకి దిగే నీరు రెండు లీటర్లు కాదు, దగ్గర దగ్గర తొమ్మిది! మిగతా ఏడు లీటర్లూ ఎక్కడివంటారు? మన ఒళ్ళే పోస్తుంది. ఊరమిరపకాయ పేరెత్తితే నోట్లో ఊరుతోందా? ఆ ఉమ్మే రోజుకి లీటరున్నర. పొట్టలో ఊరే పుల్లటి రసం రెండు లీటర్ల పైన. కాలేయం నుంచి పైత్యరసం, క్లోమం నుంచి ఇంకో రసం, పేగు తన వంతుగా పోసుకునేది వేరే. ఇన్ని నీళ్ళలో మర్నాడు పొద్దున్న బయటికి పోయేదెంత? ఒక గ్లాసుడు కూడా ఉండదు. మిగిలిందంతా పేగులు చుక్క చుక్కా తిరిగి పీల్చేసుకుంటాయి. దీన్ని మొదటిసారి పుస్తకంలో చదివిన రోజు నాకు అన్నం సహించలేదు, ఆశ్చర్యంతో. మన ఒంట్లో ఇంత పొదుపరి ఉన్నాడని ఎవరనుకుంటారు!

మరి ఆ పీల్చుకోవడం ఒక పిసరు తగ్గినా, పోయడం ఒక పిసరు పెరిగినా ఏమవుతుంది? చెంబు పుచ్చుకుని పరుగే.

ఈ లెక్క బాగా పట్టుబడాలంటే మన చేలగట్టు దగ్గరికి రండి. గట్టుకి ఇవతల చేను, అంటే మన ఒళ్ళు. అవతల కాలవ, అంటే పేగు లోపలి దారి. గట్టుకి తూములున్నాయి. ఒకటి కాలవ నీళ్ళు చేలోకి పెట్టుకోవడానికి, ఇంకొకటి చేలో నీళ్ళు కాలవలోకి వదలడానికి. అయితే ఇక్కడో తమాషా ఉంది. పేగులో నీళ్ళకి సొంత బుద్ధి లేదు. ఉప్పు ఎటు నడిస్తే అటే నడుస్తాయి. కాబట్టి ఈ తూములన్నీ నిజానికి ఉప్పుకోసం పెట్టిన తూములే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు దీంతో పనుంది.

ఇంతకీ తూముల్ని పాడుచేసే దొంగలెవరు? వాళ్ళలో ఒకణ్ణి మొట్టమొదట చూసిన మనిషి కథ చెబితే మీరు ముక్కు మూసుకుంటారు. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో లేవెన్‌హుక్ అని ఒక బట్టల వర్తకుడు ఉండేవాడు. బట్టల నేత ఎంత ఒత్తుగా ఉందో చూసుకునే భూతద్దాల దగ్గర మొదలెట్టి, తనే అద్దాలు అరగదీసి కనబడిన ప్రతిదాన్నీ వాటికింద పెట్టి చూసేవాడు. వాననీళ్ళు, పంటి పాచి, మిరియాలు నానేసిన నీళ్ళు, ఏదీ వదల్లేదు. 1681లో ఒకసారి ఆయనకి విరేచనం పలచగా అయింది. ఇంకొకరైతే చీదరించుకుని పోతారు. ఈయన దాన్నీ అద్దం కింద పెట్టాడు! అందులో చిట్టిచిట్టి జీవాలు హుషారుగా ఈదుతూ కనబడితే, ఆ సంగతంతా లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాసి పంపాడు. ఆయన చూసింది జియార్డియా అనే క్రిమి అని ఇప్పటివాళ్ళు పోల్చారు. దేని గురించైనా తెలుసుకోవాలన్న యావ ఉంటే అసహ్యం ఎలా పారిపోతుందో చూశారా?

ఆ తరవాత రెండొందల ఏళ్ళకి, 1884లో, జర్మనీ నుంచి రాబర్ట్ కాక్ అనే డాక్టరు కలకత్తా వచ్చి కలరా క్రిమిని పట్టుకున్నాడు. రోగుల పేగుల్లోనే కాదు, జనం తాగుతూ స్నానాలు చేస్తూ బట్టలుతుకుతూ ఉన్న ఒక చెరువు నీళ్ళలో కూడా పట్టుకున్నాడు. నిజానికి ఇటలీలో పచీని అనే ఆయన 1854లోనే ఆ క్రిమిని చూసి రాశాడు, పాపం ఎవరూ వినిపించుకోలేదు. కాక్ మాటని కూడా అందరూ నమ్మలేదనుకోండి. మ్యూనిక్‌లో పెటెన్‌కోఫర్ అనే డెబ్భై ఏళ్ళు దాటిన పెద్దాయన, "క్రిమి ఒక్కటే కలరా తెస్తుందా, చూస్తాను" అని 1892లో కలరా క్రిములున్న ద్రవాన్ని గటగటా తాగేశాడు. ఏమైందా? నాలుగు విరేచనాలయ్యాయి, మళ్ళీ లేచి తిరిగాడు. తనే గెలిచానని మురిసిపోయాడు కూడా. ఆయన అదృష్టం బాగుంది గానీ, మీరు మాత్రం శాస్త్రాన్ని ఇలా పరీక్షించకండి.

సరే, తూముల దగ్గరికి వద్దాం. ఈ దొంగలందరూ ఒకే రకంగా దోచుకోరు. అక్కడే ఉంది రుచి.

కలరా క్రిమి పేగు గోడని కొరకదు, తొలవదు. గోడకి అతుక్కుని ఒక విషాన్ని మాత్రం వదులుతుంది. ఈ సంగతి తేల్చింది మన దేశంవాడే, కలకత్తాలో శంభునాథ్ డే. కుందేలు పేగులో చిన్న ముక్కని రెండు వైపులా దారంతో కట్టి, కలరా క్రిములు పెరిగిన ద్రవాన్ని అందులోకి ఎక్కించాడు. అయితే ఎక్కించేముందు దాన్ని ఎంత సన్నగా వడకట్టాడంటే, అందులో క్రిమి ఒక్కటీ మిగల్లేదు. అయినా ఆ పేగు ముక్క నీళ్ళతో ఉబ్బిపోయింది! అంటే పనంతా విషానిదేనన్నమాట. 1959లో ఆ వ్యాసం అచ్చయింది. బతికుండగా ఆయన్ని మనవాళ్ళు పెద్దగా గౌరవించలేదు. బయటిదేశంలో నోబెల్ అందుకున్న లెడర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త మాత్రం ఈయనకీ నోబెల్ ఇవ్వాలని పేరు పంపాడు. మనదగ్గర ఇలా జరగడం కొత్తేం కాదులెండి.

ఆ విషం చేసే పనేమిటంటే, చేలో నీళ్ళు కాలవలోకి వదిలే తూముని తెరిచి, మళ్ళీ మూసుకోకుండా మేకు కొట్టేస్తుంది. మామూలుగా ఉప్పుని లోపలికి తెచ్చుకునే తూముని మూసేస్తుంది. ఉప్పు బయటికి పోతుంటే దాని వెనకే నీళ్ళు. ముదిరిన కలరాలో గంటకి లీటరు దాకా పోతుంది, బియ్యం కడిగిన కుడితి రంగులో. పొద్దున్న చేలో పని చేసుకుంటూ కనిపించిన మనిషి సాయంత్రానికి లేడనేవారు మా పెద్దవాళ్ళు. అతన్ని చంపింది విషం కాదు, ఎండిపోవడం. ఎందుకంటే ఇంత జరిగినా పేగు గోడ మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది.

రోటా వైరస్ పద్ధతి వేరు. అది చంటిపిల్లల మీద పడే రకం. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ అనే ఆవిడ, జబ్బుపడ్డ పిల్లల పేగు పొరలో రవ్వంత తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి దీన్ని పట్టుకుంది. మన చిన్నపేగు లోపల మిల్లీమీటరు కూడా లేని మొలకలు ఒత్తుగా నిలబడి ఉంటాయి. వాటి కొసల్లో ఉన్న కణాలే తిన్నదాన్ని పీల్చుకునేవి. రోటా వైరస్ సరిగ్గా ఆ కొసల్నే చంపుతుంది. అయితే పేగుకి ఒక గొప్ప గుణం ఉంది. ఆ కణాలు ఎలాగూ నాలుగైదు రోజులకోసారి రాలిపోయి, కింది నుంచి కొత్తవి పుట్టుకొస్తూనే ఉంటాయి. అందుకే ఈ విరేచనాలు ఏ మందూ వెయ్యకపోయినా వారంలోపు వాటంతట అవే తగ్గుతాయి. ఆ వారం రోజులూ పిల్ల ఎండిపోకుండా చూసుకోవడమే మన పని. "యాంటీబయాటిక్ రాయండి డాక్టరుగారూ" అని పట్టుబట్టే నాన్నలకి ఈ మాట చెప్పండి. వైరస్‌కి అది పనిచెయ్యదు.

షిగెల్లా ఉందే, అది మహా మొండిది. 1897లో జపాన్‌లో షిగా అనే డాక్టరు కనిపెట్టాడు. కలరా రావాలంటే మామూలుగా కోట్ల కొద్దీ క్రిములు లోపలికి దిగాలి, పొట్టలోని పుల్లరసం చాలావాటిని చంపేస్తుంది మరి. షిగెల్లాకి ఆ భయం లేదు. పదో, నూరో చాలు. పెద్దపేగు గోడలోకే చొరబడి కణం నుంచి కణానికి పాకుతుంది. అందుకే కడుపు మెలిపెడుతుంది, జిగట పడుతుంది, నెత్తురు పడుతుంది. నెత్తురు కనబడితే మాత్రం ఇంటి వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. దీనికి మందు నిజంగానే కావాలి. అమీబా అనే ఇంకో జీవి కూడా ఇలాగే నెత్తురూ జిగటా తెప్పిస్తుంది, దానికి మందు వేరు.

మరి పెళ్ళి భోజనాల సంగతి? విస్తరి దగ్గర నుంచి లేచి నాలుగు గంటలు కాకముందే వరసపెట్టి వాంతులు మొదలయ్యాయంటే, అది లోపల క్రిమి పెరిగి తెచ్చిన జబ్బు కాదు. వంటవాడి వేలికి చిన్న పుండు ఉంటుంది, అందులోని క్రిమి కోవాలోనో కూరలోనో పడి గంటల తరబడి విషం తయారుచేసి పెడుతుంది. మనం తయారైన విషాన్నే తింటాం. మళ్ళీ పొయ్యి మీద పెట్టి కుతకుతా ఉడికించినా క్రిమి చస్తుంది గానీ విషం చావదు. అమెరికాలో ఉన్న మీ మామయ్య శీతాకాలంలో ఫోన్ చేసి, "ఇల్లంతా వాంతులు, స్టమక్ ఫ్లూ" అంటాడు చూశారా, అది చాలాసార్లు నోరో వైరస్. చేతులకి రాసుకునే శానిటైజరుకి అది సరిగ్గా లొంగదు. సబ్బుతో రుద్ది కడగాల్సిందే.

ఇప్పుడు మన చిన్నోడి ప్రశ్న. పోతున్నప్పుడు మళ్ళీ ఎందుకు పొయ్యాలి?

1831లో కలరా మొదటిసారి ఇంగ్లండు చేరింది. అప్పటి డాక్టర్ల వైద్యం వింటే ఒళ్ళు మండుతుంది. ఎండిపోతున్న మనిషికి కత్తిగాటు పెట్టి నెత్తురు తీసేవారు, పైగా విరేచనాలు ఇంకా అయ్యేలా మందిచ్చేవారు! ఓషానెస్సీ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడు రోగుల నెత్తురు పరీక్షించి, ఇందులో నీళ్ళూ ఉప్పూ తగ్గిపోయాయి, వాటినే తిరిగి ఇవ్వండి అన్నాడు. ఆ కుర్రాడే తరవాత మన దేశం వచ్చి టెలిగ్రాఫ్ తీగలు వేయించాడు, అది వేరే కథ. మరుసటేడు స్కాట్లండులో లట్టా అనే డాక్టరు ఆ మాట పట్టుకుని, చచ్చిపోబోతున్న ఒక ముసలామె నరంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించాడు. గుంటలు పడిన కళ్ళు తేరుకున్నాయి, ముఖానికి రంగొచ్చింది, మాటలాడింది. ఇక గండం గడిచిందని ఆయన వెళ్ళిపోయాడు. ఎక్కించడం ఆగింది, విరేచనాలు ఆగలేదు. కొన్ని గంటల్లో ఆమె పోయింది. సెలైన్ సీసా కథ అలా మొదలైంది.

సెలైన్ మంచిదే, కానీ ఊరు ఊరంతా పడిపోతే సీసాలెక్కడివి, సూదులెక్కడివి? నోటితో ఉప్పునీళ్ళు తాగిస్తే సరిపోదా అంటే, సరిపోదు. చెప్పానుగా, ఉప్పు తూము మూసుకుపోయింది. తాగిన ఉప్పునీళ్ళు కాలవలోనే పోతాయి. చిన్నోడి అనుమానం అక్కడికి నిజమే!

ఇక్కడ మూడో తూము కనబడింది. 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన సభలో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఒక బొమ్మ గీసి చూపించాడు. పేగు గోడకి ఇంకో ద్వారం ఉంది, దాన్ని ఉప్పు ఒక్కతే వచ్చినా ఎత్తలేదు, చక్కెర ఒక్కతే వచ్చినా ఎత్తలేదు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుంటేనే పలక లేస్తుంది. ఇద్దరూ లోపలికి వస్తారు, వాళ్ళ వెనకే నీళ్ళూ వస్తాయి. కలరా విషం రెండు తూముల్ని పాడుచేసింది గానీ, దీని జోలికి పోలేదు. ఒకపక్క కాలవలోకి నీళ్ళు పోతూనే ఉంటాయి, ఇంకోపక్క ఈ తూములోంచి వస్తూ ఉంటాయి. పోయేదానికి వచ్చేది సరిపోతే చేను ఎండదు. కొద్ది రోజుల్లో క్రిములు కొట్టుకుపోతాయి, విషం పట్టిన కణాలు రాలి కొత్తవి వస్తాయి, మనిషి లేచి కూర్చుంటాడు. విరేచనం ఆపడం కాదురా వైద్యం, పోయినంతా పొయ్యడం. అందుకే ఓఆర్‌ఎస్ తాగినా విరేచనాలు వెంటనే ఆగవు. ఆగలేదని తాగించడం మానేసిన తల్లులు ఎందరో.

ఢాకాలో 1968లో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు కలరా రోగుల మీద దీన్ని రుజువు చేశారు. విరేచనం ఎంత పోయిందో కొలిచి, సరిగ్గా అంత తాగించడం వాళ్ళ కిటుకు. సెలైన్ అవసరం ఐదో వంతుకి పడిపోయింది. అయినా పెద్ద డాక్టర్లు పెదవి విరిచారు. ఆస్పత్రిలో సరే, బయట జనం చేతికిస్తే కుదురుతుందా అన్నారు.

కుదురుతుందని చూపించింది దిలీప్ మహలనబిస్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం. సరిహద్దు దాటి లక్షల మంది పశ్చిమ బెంగాల్లోకి వచ్చిపడ్డారు. బన్‌గావ్ శిబిరంలో కలరా. రెండు గదుల ఆస్పత్రి, నేలమీదే రోగులు, అడుగు వేస్తే వాంతుల్లో విరేచనాల్లో వెయ్యాలి. సెలైన్ నిల్వ అయిపోయింది. ఆయన కలకత్తాలో ఉప్పు, తినేసోడా, గ్లూకోజు తూకం వేయించి ప్లాస్టిక్ సంచుల్లో పొట్లాలు కట్టించి, శిబిరంలో డ్రమ్ముల నీళ్ళలో కలిపించాడు. డ్రమ్ముకి కుళాయి బిగించి, చెంబు పట్టుకొచ్చినవాళ్ళకల్లా పోశారు. తాగించింది నర్సులు కాదు, అమ్మలూ అక్కలూ అన్నలూ. ఇది సెలైనే, నోటితో తాగేది అని చెబితే జనం నమ్మారట! అంతకుముందు నూటికి ముప్ఫై మంది దాకా చచ్చిపోతున్న చోట అది నూటికి నలుగురిలోపుకి దిగింది. ఈ శతాబ్దపు వైద్యంలో బహుశా ఇంతకంటే ముఖ్యమైన ముందడుగు లేదని 1978లో లాన్సెట్ పత్రిక రాసింది. ఆయన 2022లో పోయారు, మరుసటేడు పద్మవిభూషణ్ ఇచ్చారు. బతికుండగా ఇచ్చుంటే ఎంత బాగుండేది.

బంగ్లాదేశ్‌లో అక్కడితో ఆగలేదు. బ్రాక్ అనే సంస్థ ఆడవాళ్ళని ఇంటింటికీ పంపింది. మూడువేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్ళు. కోటికి పైగా ఇళ్ళలో తల్లుల చేత కలిపించి చూపించారు. నేర్పేవాళ్ళ జీతంలో కూడా కిటుకు పెట్టారు. కొన్నాళ్ళకి ఇంకొకరు వెళ్ళి ఆ తల్లిని అడుగుతారు. ఆవిడకి ఎంత గుర్తుంటే నేర్పినామెకి అంత డబ్బు. మన బళ్ళలో మాస్టార్లకి ఇలా పెడితే ఏమవుతుందో! నేనూ మాస్టారునే కాబట్టి ఆ మాట వదిలేద్దాం.

కలపడంలో పాళ్ళు తప్పకూడదు. దుకాణంలో దొరికే పెద్ద పొట్లం సరిగ్గా లీటరు నీళ్ళకి. సగం పొట్లం గ్లాసులో వేసి చిక్కగా ఇస్తే ఎక్కువ బలమనుకుంటారు కొందరు, అది చెరుపే. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా మీద గోపురం లేకుండా వేలితో చదును చేసి వెయ్యాలి. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి. తీపి ఎక్కువైనా ముప్పే. పేగులో చక్కెర మితిమీరితే ఒంట్లో నీళ్ళని అదే అవతలికి లాగేసుకుంటుంది. అందుకే కూల్‌డ్రింకులు వద్దనేది. ఓఆర్‌ఎస్ అని అట్టమీద పెద్దక్షరాలు వేసి, లోపల పంచదార పానకం అమ్మేవాళ్ళు. హైదరాబాదులో ఒక పిల్లల డాక్టరమ్మ ఏళ్ళ తరబడి దానిమీద పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది.

మన గంజి మాటేమిటని అడుగుతావనుకున్నానే, అమ్మడూ! బియ్యంలోని పిండి పేగులో మెల్లమెల్లగా చక్కెరగా విడిపోతుంది. కాబట్టి మూడో తూముకి చక్కెర అందుతూనే ఉంటుంది, కానీ ఒక్కసారిగా తీపి మితిమీరదు. బియ్యప్పిండితో చేసిన ఓఆర్‌ఎస్ కలరాలో విరేచనాన్ని తగ్గిస్తుందని ఆస్పత్రుల్లో చూశారు. మా అమ్మ ఉప్పేసిన గంజి ఊదుకుంటూ తాగించేది, ఆవిడకి క్రేన్ ఎవరో తెలియదు. అయితే ఆ కాలంలో ఇంకో మాటా ఉండేది, లంఖణం పరమౌషధం అని. విరేచనాలవుతున్న పిల్లకి నీళ్ళూ అన్నం మాన్పించి పడుకోబెట్టేవారు. ఈ సామెత ఎక్కడ చెల్లినా ఇక్కడ చెల్లదు. తల్లిపాలు ఆపకూడదు, తినగలిగింది పెడుతూనే ఉండాలి. పైన రోజూ జింకు బిళ్ళ, రెండు వారాలపాటు.

చంటిపిల్ల ఎండిపోతోందని ఎలా తెలుస్తుందంటే, ఇలా రా, చూపిస్తాను. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో ఇలా పట్టుకుని వదలాలి. నీది చూడు, వదిలీ వదలకముందే సర్దుకుంది. ఎండిన పిల్లకి ఆ మడత అలాగే నిలబడి, మెల్లగా దిగుతుంది. కళ్ళు లోపలికి పోతాయి, మాడు గుంటపడుతుంది, ఏడిస్తే కన్నీళ్ళు రావు, ఉచ్చ పోయదు, మగతగా పడి ఉంటుంది. అప్పుడు ఇంట్లో కూర్చోకూడదు, ఆస్పత్రికి ఎత్తుకుపోవాలి.

ఇంతకీ ఆ పెళ్ళి భోజనం విషాన్ని పక్కన పెడితే, ఇవన్నీ ఒంట్లోకి వచ్చే దారి ఒకటే. ఒకరి పొట్టలోంచి బయటికొచ్చింది ఇంకొకరి నోట్లోకి చేరడం. చీదరగా ఉన్నా నిజం అదే. ఈగ కాళ్ళమీద వస్తుంది, కడగని చేతి గోళ్ళలో వస్తుంది, అన్నిటికంటే దర్జాగా నీళ్ళలో వస్తుంది. ఊళ్ళో కుళాయి రోజుకి గంటే వస్తుంది కదా. మిగతా ఇరవైమూడు గంటలు గొట్టంలో ఒత్తిడి ఉండదు. మురుక్కాలవ పక్కనే పోయే ఆ గొట్టానికి ఎక్కడో చిల్లుంటే, మురుగు లోపలికి చేరుతుంది. మర్నాడు మోటారు వెయ్యగానే మొదటి బిందెలోకి అదే వస్తుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషులు పోయారు, పేపర్లో చదివే ఉంటారు. జబ్బులు రాకుండా అమ్మవారికి మొక్కుకునే పెద్దాపురం మరిడమ్మ జాతరా, హైదరాబాదు బోనాలూ రెండూ ఆషాఢంలోనే రావడం చూస్తే, కొత్తనీటి కాలంలో ఊళ్ళు ఎంత వణికిపోయేవో నాకు అనిపిస్తూ ఉంటుంది.

నీళ్ళు మరిగించి చల్లార్చుకుంటే ఈ క్రిములేవీ బతకవు. కట్టెలు కొనలేనివాళ్ళ మాటేమిటి? దానికో ముచ్చటైన సంగతి ఉంది. రీటా కోల్‌వెల్ అనే శాస్త్రవేత్త, కలరా క్రిములు నీళ్ళలో ఊరికే ఈదకుండా కంటికి ఆనీ ఆనని చిన్న నీటిపురుగుల ఒంటికి అంటిపెట్టుకుని తిరుగుతాయని గమనించింది. అయితే పురుగుని ఆపితే చాలు కదా! బంగ్లాదేశ్ పల్లెల్లో ఆడవాళ్ళకి పాత నూలు చీరని మడతల మీద మడతలు పెట్టి బిందె మూతికి కట్టి వడకట్టమని నేర్పారు. కొత్త చీర కన్నా పాతదే మేలు. ఉతికి ఉతికి దారాల నూగు లేచి కన్నాలు మూసుకుపోతాయి. ఆ ఊళ్ళలో కలరా దగ్గర దగ్గర సగానికి తగ్గిందని 2003లో అచ్చువేశారు. మీ మామ్మ బిందె మూతికి కట్టే గుడ్డని ఇక ఎగతాళి చెయ్యకండి. అయితే రోటా వైరస్ లాంటివి మరీ సన్నవి, అవి ఏ చీరకీ ఆగవు.

మనవాడి కథ ఒకటి చెప్పి లేస్తాను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరు సంగ్రహణితో రోజుల తేడాలో పోయారు. తిన్నదేదీ ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది, వేడి దేశాల్లో ఎక్కువ. తరవాత ఆయనకీ అదే పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డాడు. అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకి పెద్దయ్యాడు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆయన నడిపిన పరిశోధనలోనే టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది. ఈ రోజు సంగ్రహణికి డాక్టర్లు ఏం రాస్తారో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. సోదరుల్ని తీసుకుపోయిన జబ్బుకి కావలసిన రెండు మందులూ ఒకే మనిషి నీడలోంచి వచ్చాయి. ఆరియోమైసిన్ వచ్చిన ఆ ఏడే ఆయన పోయాడు.

లేచేముందు ఇంకో మాట, ఈ పోరులో హైదరాబాదుకీ ఒక వంతుంది. ఢిల్లీలో ఎంకే భాన్ అనే డాక్టరు, పురిటిబిడ్డల్లో ఒక రోటా వైరస్ రకాన్ని గమనించాడు. అది సోకినా వాళ్ళకి విరేచనాలు కాలేదు, పైగా తరవాత వచ్చే జబ్బు నుంచి కాపాడింది. దాని నుంచే హైదరాబాదులో భారత్ బయోటెక్ రోటావాక్ టీకా తయారుచేసింది. 2016లో ప్రభుత్వం రోటా టీకాని మొదట నాలుగు రాష్ట్రాల్లో మొదలెడితే అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. సూది కాదు, నోట్లో ఐదు చుక్కలు. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం. మీ పిన్ని చంటిదానికి పద్నాలుగో వారం వచ్చేసింది, బుధవారం నర్సమ్మ వస్తుంది, ఎవరైనా వెళ్ళి గుర్తుచేసి రండి. చిన్నోడా, నువ్వెక్కడికి? గ్లాసులో ఇంకా సగం ఉంది.